స్పానిష్ అక్షరాలు – తెలుగు ఉచ్చారణ: రెండు వర్ణమాలల చరిత్ర – తులనాత్మక పరిశీలన

వరంగల్ జిల్లా నర్సంపేటకు సమీపంలో, ఖానాపురం మండలంలో ఉన్న పాకాల చెరువు కాకతీయ గణపతిదేవుని పాలనకాలం (1199–1262) నాటిది. ఆ జలాశయాన్ని పేర్కొనే సామాన్యమైన తెలుగు మాటలో రెండు ధ్వనిపరిణామాలు నిక్షిప్తమై ఉన్నాయి. దాని ప్రాచీన రూపం ‘చెఱువు’. కన్నడంలో సజాతీయ పదం ‘కెఱె’, నేటి వాడుకలో ‘కెరె’. పదాదిలోని కకారం తెలుగులో ఎకారం ముందు చకారమైంది. పదమధ్యంలోని బండిఱ కాలక్రమంలో సాధురేఫలో కలిసిపోయింది. ఐబీరియా ద్వీపకల్పంలో లాటిను నుంచి స్పానిష్ రూపొందిన క్రమంలోనూ ఈ రెండు అంశాలే, అంటే పక్కనున్న అచ్చును బట్టి మారే కకారమూ, రెండు రేఫల భేదమూ, ఆ భాష వర్ణక్రమాన్ని చాలావరకు నిర్ణయించాయి. మొదటి విషయంలో రెండు భాషలూ దాదాపు ఒకే దారిన నడిచాయి. రెండవ విషయంలో దారులు వేరయ్యాయి. తెలుగు పోగొట్టుకున్న భేదాన్ని స్పానిష్ నిలుపుకొంది.

తెలుగునేలపై స్పానిష్ బోధనకు ప్రధానంగా రెండు కేంద్రాలు కనిపిస్తాయి. హైదరాబాదులో 1958లో ఆంగ్లభాషా బోధన కోసం నెలకొల్పిన కేంద్రసంస్థ 1972లో విదేశీ భాషలను కూడా చేర్చుకొని, 2007లో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమైంది. అక్కడ స్పానిష్ అధ్యయనానికి ప్రత్యేక శాఖ ఉంది. రెండవది అనంతపురం. బార్సిలోనాలో జన్మించి, 1952లో భారతదేశానికి వచ్చి, 1969లో అనంతపురం చేరి, 2009లో మరణించే వరకు అక్కడే సేవ చేసిన విసెంతె ఫెర్రెర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ వల్ల ఆ జిల్లాకు స్పెయిన్‌తో విశేషమైన సంబంధం ఏర్పడింది. ఆ సంస్థ ఆధ్వర్యంలో గ్రామీణ యువతకు విదేశీ భాషలు, వాటిలో స్పానిష్ నేర్పే పాఠశాల కూడా వచ్చింది. అయితే ఎక్కడ నేర్చినా తెలుగు విద్యార్థి స్పానిష్ అక్షరాలను సాధారణంగా ఇంగ్లీషు ద్వారానే చేరుకుంటాడు. రోమన్ లిపి అతనికి ముందే ఇంగ్లీషు ఉచ్చారణతో పరిచయమై ఉండడం ఇందుకు కారణం. నర్సంపేట వంటి పట్టణంలో తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి ఇది రెట్టింపు భారం. తనకు సరిగా పట్టుబడని ఒక భాష మీదుగా మరొక భాషను చేరుకోవలసి వస్తుంది. ఆ చుట్టుదారి అనవసరమని రెండు వర్ణమాలల చరిత్ర చెబుతుంది.

వర్ణసంఖ్య వివాదాలు

ఆంతోనియొ దె నెబ్రిఖ రచించిన కాస్తిలియన్ వ్యాకరణం 1492లో సాలమాంకాలో అచ్చయింది. పలికినట్లు రాయాలి, రాసినట్లు చదవాలి అన్న క్వింతిలియన్ నాటి సూత్రాన్ని నెబ్రిఖ తన భాషకు అన్వయించాడు. 1517లో వర్ణక్రమ నియమాలపై ప్రత్యేక గ్రంథమూ వెలువరించాడు. 1713లో ఏర్పడిన రాజ అకాడమీ ఈ సూత్రాన్ని పూర్తిగా అంగీకరించలేదు. వ్యుత్పత్తికీ వాడుకకూ చోటిచ్చింది. 1741లో తొలి వర్ణక్రమ గ్రంథాన్ని ప్రకటించిన నాటి నుంచి అకాడమీ అడుగులు చిన్నవిగానే పడ్డాయి. అయినా అవి ఆగలేదు.

ఆ అడుగుల్లో తెలుగువారికి ఆసక్తి కలిగించేది ‘చె’, ‘ఎల్యె’ల కథ. రెండేసి రోమన్ అక్షరాల కలయికతో ఏర్పడే ఈ జంటలను 1803 నాటి నిఘంటువు స్వతంత్రాక్షరాలుగా గుర్తించి వేరు ప్రకరణాల్లో ఉంచింది. దాదాపు రెండు వందల ఏళ్లు స్పానిష్ పిల్లలు వాటిని అక్షరాలుగానే వల్లెవేశారు. 1994లో మాద్రిద్‌లో సమావేశమైన స్పానిష్ అకాడమీల సంఘం అకారాది క్రమంలో వాటి ప్రత్యేకస్థానాన్ని తొలగించింది. 2010 నాటి వర్ణక్రమ గ్రంథం వాటిని వర్ణమాల నుంచే తప్పించి అక్షరాలు 27 అని స్థిరపరిచింది. ధ్వనులు మాత్రం ఎక్కడికీ పోలేదు. పోయింది లెక్క మాత్రమే.

తెలుగులో లెక్క ఇంతకంటె చిక్కైనది. సంప్రదాయం 56 అక్షరాలంటుంది. చిన్నయసూరి సంస్కృత, ప్రాకృత వర్ణాలను వేరుచేసి, తెలుగుకు 36 మాత్రమే అన్నాడు; ఆ 36లో దంత్య చ, జలను తాలవ్యాల నుంచి విడదీసి లెక్కించాడు. అంటే ఆయన చెవితో లెక్కించాడు. తరవాతి వాచకాలు కంటితో లెక్కించాయి. ఌ, ౡలు పోవడం న్యాయమే. కాని తెలుగువారు రోజూ పలికే దంత్య ‘ౘ’ను విడిచి, ఎన్నడూ పలకని వర్ణాలను నిలుపుకోవడంలో ఏ సూత్రం పనిచేసిందో చెప్పడం కష్టం. ౘ, ౙలకు యూనికోడ్‌లో స్థానం దొరికింది 2008లో.

సంస్కరణల చరిత్రలోనూ ఒక సాదృశ్యం ఉంది. వెనిజులాలో జన్మించిన ఆంద్రెస్ బెల్యొ 1823లో లండన్ నుంచి, అమెరికా ఖండపు స్పానిష్‌కు ఉచ్చారణానుగుణమైన వర్ణక్రమాన్ని ప్రతిపాదించాడు. కొత్తగా స్వతంత్రమైన దేశాల్లో చదువు సామాన్యులకు అందాలంటే రాత సులువు కావాలని ఆయన వాదం. 1844లో చిలీ దేశం అందులో కొంత భాగాన్ని అమలుచేసింది. 1927లో అకాడమీ వర్ణక్రమాన్ని తిరిగి విధించే వరకు దాని అవశేషాలు అక్కడ నిలిచాయి. గిడుగు రామమూర్తి (1863–1940) పోరాటం ప్రధానంగా వ్యాకరణరూపాల గురించి, బెల్యొది అక్షరాల గురించి. ఇద్దరి ఆందోళనా ఒకటే: బడికి కొత్తగా వచ్చే పిల్లవాడికి తన నోటి మాట పుస్తకంలో కనిపించాలి.

అచ్చును బట్టి మారే హల్లు

ఇంగ్లీషులో ‘సి’ అనే అక్షరం స్పానిష్‌లో అ, ఒ, ఉల ముందు క. ఎ, ఇల ముందు ఊష్మం. స్పెయిన్ మధ్య, ఉత్తర ప్రాంతాల్లో ఈ ఊష్మాన్ని నాలుక కొనను పళ్ల మధ్య ఉంచి పలుకుతారు. దక్షిణాన అందలూసియాలో చాలాచోట్ల, అమెరికా ఖండం అంతటా, అది స. లాటిను ‘కాంపుస్’ స్పానిష్‌లో ‘కాంపొ’గా కకారాన్ని నిలుపుకోగా, లాటిను ‘కెంతుమ్’ (నూఱు) ‘సియెంతొ’ అయింది. కకారం తాలవ్యాచ్చుల ముందు మెత్తబడి చకారంగా, ఆపై దంత్యంగా, చివరకు ఊష్మంగా మారిన క్రమం ఇది. ధ్వని మారినా అక్షరం మారకపోవడంతో ఒకే అక్షరానికి రెండు విలువలు ఏర్పడ్డాయి.

ఇది తెలుగు విద్యార్థికి నియమంగా కంఠస్థం చేయించవలసిన సంగతి కాదు. అతని భాషలోనే జరిగిన సంగతి. కన్నడం ‘కివి’ తెలుగులో ‘చెవి’. తమిళం ‘కిళి’ తెలుగులో ‘చిలుక’. తమిళ కన్నడాల ‘కై’ తెలుగులో ‘చేయి’. ‘కెఱె’, ‘చెఱువు’లు పైన చెప్పినవే. తాలవ్యాచ్చు కాని చోట ‘కన్ను’, ‘కాలు’ కకారంతోనే నిలిచాయి. ఇక చకారంలోనే మరొక మెట్టు ఉంది. అచ్చతెలుగు మాటల్లో ఇ, ఎల ముందు చకారం తాలవ్యం, అ, ఉ, ఒల ముందు దంత్యం: ‘చిన్న’లో ఒక చ, ‘చుక్క’లో మరొక ‘ౘ’. ఒకే అక్షరాన్ని పక్క అచ్చును చూసి రెండు విధాలుగా పలకడం తెలుగు బాలుడు ఏ పాఠమూ లేకుండా చేసే పని. స్పానిష్ తరగతిలో ‘కాస’ (ఇల్లు), ‘సియెలొ’ (ఆకాశం) ఒకే అక్షరంతో మొదలవుతాయని చెప్పినప్పుడు అతను ఆశ్చర్యపడనవసరం లేదు.

ఎ, ఇల ముందు కూడా క ధ్వని కావలసిన చోట స్పానిష్ ‘క్యు’, ‘యు’ జంటను వాడుతుంది. అందులోని ఉకారం పలకదు. ‘కెసొ’ (జున్ను), ‘కియెన్’ (ఎవరు) అలాంటివి. ఈ ఒక్క నియమం తెలియకపోవడం వల్లనే కొలంబియా నవలాకారుడు గార్సియా మార్కెస్ తెలుగు పత్రికల్లో ‘మార్క్వెజ్’గా స్థిరపడ్డాడు.

రెండు రేఫలు

స్పానిష్‌లో ‘పెరొ’ అంటే కాని; ‘పెఱ్ఱొ’ అంటే కుక్క. ‘కారొ’ అంటే ఖరీదైనది. ‘కాఱ్ఱొ’ అంటే బండి. మొదటిదానిలో నాలుక కొన దంతమూలాన్ని ఒక్కసారి తాకుతుంది. రెండవదానిలో అనేకసార్లు అదురుతుంది. బండి అనే అర్థం గల మాటలోనే కంపితరేఫ ఉండడం, తెలుగు లాక్షణికులు తమ రెండవ రేఫను శకటరేఫమనీ బండిఱ అనీ పిలవడం కాకతాళీయమే. కాని తెలుగు విద్యార్థికి గుర్తుండిపోయే కాకతాళీయం.

ప్రాచీన తెలుగులో ర, ఱలు అర్థభేదకాలు. ‘ఊరు’ గ్రామం, ‘ఊఱు’ నీరు ఊటగా రావడం. ‘వేరు’ చెట్టుకు ఉండేది, ‘వేఱు’ భిన్నమైనది. తమిళంలో ఈ జంటలు నేటికీ రాతలో వేరుగానే ఉన్నాయి. తెలుగు శాసనాల్లో తొలినాళ్ల నుంచి ఱకారానికి ప్రత్యేకలిపి ఉంది. తరవాతి శతాబ్దాల్లో నోట భేదం నశించింది. కవులు మాత్రం ప్రాసలో ర, ఱలను కలపకూడదన్న నియమాన్ని పాటించవలసి వచ్చింది కనుక, ఏ మాటలో ఏ రేఫ ఉందో పట్టికలు వేసి నేర్చుకొన్నారు. చెవికి వినిపించని భేదాన్ని కంఠస్థం చేసి కాపాడడం ఎంత శ్రమో ఆ పట్టికలే సాక్ష్యం. ఆధునిక వాచకం ఱకారాన్ని వర్ణమాల చివర అలంకారంగా ఉంచింది, కొన్నిచోట్ల అదీ లేదు.

అయితే నష్టం సంపూర్ణం కాదు. ద్విత్వంలో పాత ఱకారపు అదురు ఇంకా వినిపిస్తుంది. కఱ్ఱ, గుఱ్ఱము, ఎఱ్ఱ అనే మాటలు ఇప్పుడు కర్ర, గుర్రం, ఎర్ర అని రాస్తున్నా, పలుకుబడిలో నాలుక అదరక తప్పదు. ‘కర్ర’ అనగల నోరు ‘కాఱ్ఱొ’ అనగలదు. ఇంగ్లీషు మాతృభాషగా గలవారు నెలల తరబడి సాధన చేసే ధ్వని ఇది. తెలుగు విద్యార్థి జాగ్రత్తపడవలసింది మరొక చోట: పదాదిలో, అలాగే న, ల, స ధ్వనుల తరవాత, స్పానిష్ ఒంటి రేఫను కూడా కంపితంగానే పలుకుతుంది. గులాబీ అనే అర్థంలో ‘రోస’ రాతలో ఒక రేఫ, నోట ఱకారం. ప్రాచీన తెలుగు లిపితో రాస్తే ‘ఱోస’ అనవలసి ఉంటుంది.

పలకని అక్షరం, మారిన అక్షరం

స్పానిష్ ‘ఆచె’, అంటే ఇంగ్లీషు ‘హెచ్’, పలకదు. అది రాతలో ఎందుకుందన్న ప్రశ్నకు కన్నడం సమాధానం చెప్పగలదు. లాటిను ‘ఫరీన’ (పిండి) పాత కాస్తిలియన్‌లో హకారం పొంది, తరవాత అదీ పోయి ‘అరీన’ అయింది. ‘ఫాబులారె’ నేటి ‘అబ్లార్’ (మాట్లాడు) అయింది. ఫ, హ, లోపం అనేవి మూడు మెట్లు. తెలుగు ‘పాలు’ కన్నడంలో ‘హాలు’, ‘పులి’ ‘హులి’, ‘పువ్వు’ ‘హూవు’. గ్రామీణ కన్నడంలో కొన్నిచోట్ల ఆ హకారమూ లోపిస్తుంది. పొరుగు భాషల్లోని ఈ క్రమం తెలిసిన తెలుగు విద్యార్థికి స్పానిష్ రాతలోని మూగ హకారం అక్కడ ఒకప్పుడు ఫకారం ఉండేదని చెప్పే గుర్తు. లాటినులోనే హకారం ఉన్న కొన్ని మాటలకు మాత్రం ఈ వివరణ చెల్లదు.

‘ఎకిస్’, అంటే ఇంగ్లీషు ‘ఎక్స్’, కథ మరింత దూరం పోతుంది. 16వ శతాబ్దం తొలినాళ్ల స్పానిష్‌లో ఈ అక్షరం విలువ ‘ష’. స్పానిష్ సైనికులు, క్రైస్తవ గురువులు అమెరికాలో నవాత్ల్ భాషను రోమన్ లిపిలో రాసినప్పుడు ఆ భాషలోని షకారానికి దీనినే వాడారు. ‘మెషికొ’ అలా రాతకెక్కింది. 1605లో సెర్వాంతెస్ నవల వెలువడినప్పుడు కథానాయకుని పేరు ‘కిషోతె’కు దగ్గరగా వినిపించేది. ఫ్రెంచి, ఇటాలియన్ రూపాల్లో ఆ షకారం ఇప్పటికీ ఉంది. ఆ శతాబ్దంలోనే స్పానిష్ షకారం నోటిలో వెనక్కి జరిగి కంఠ్యోష్మమైంది. 1815లో అకాడమీ ఆ ధ్వనికి ‘ఖోత’ను, అంటే ఇంగ్లీషు ‘జె’ను, నిర్ణయించింది. మెక్సికో మాత్రం తన పేరులో పాత అక్షరాన్నే నిలుపుకొని కొత్త ధ్వనితో పలుకుతుంది. తెలుగులో ‘మెక్సికో’, ‘డాన్ క్విక్సోట్’ అనే రూపాలు ఇంగ్లీషు కంటితో చదివినవి. వాటిలో 16వ శతాబ్దపు ధ్వనీ లేదు, నేటి ధ్వనీ లేదు.

నవాత్ల్ నుంచి స్పానిష్ తీసుకొన్న మాటల్లో ‘చీలె’ (మిరప), ‘తొమాతె’ ఉన్నాయి. పంట తెలుగునేలకు వచ్చినా మొదటి మాట రాలేదు. మిరియాన్ని బట్టి మిరప అని తెలుగు తానే పేరు పెట్టుకొంది. రెండవది ఇతర భాషల మీదుగా టమాటాగా వచ్చింది. నర్సంపేట పరిసరాల్లో పండే, 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాట మిర్చికి రైతుల వాడుకలో టమాటా మిరప అనే మరో పేరు ఉంది. రెండూ మెక్సికో పంటలే, ఆ పేరులో ఒకదాని పక్కన ఒకటి చేరాయి.

ఖోత ధ్వనికి తెలుగు లిపిలో అక్షరం లేదు. ‘హ’ అని రాస్తే మెత్తన, ‘ఖ’ అని రాస్తే స్పర్శం. తెలంగాణకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. 1948 వరకు ఉర్దూ పాలనాభాషగా ఉన్న ప్రాంతం ఇది. ‘ఖబర్’, ‘ఖరాబ్’ అని ఉర్దూవారు పలికేటప్పుడు వినిపించే కంఠ్యోష్మం వరంగల్ వీధుల్లో కొత్త కాదు; స్పానిష్ ఖోత దానికి అతి సమీపం. ఇంగ్లీషు చూపలేని ధ్వనిని పక్కింటి భాష చూపుతుంది. 711 నుంచి 1492 వరకు ఐబీరియాలో సాగిన అరబ్బుల పాలన, దక్కనులోని ముస్లిం రాజ్యాలు, ఈ రెండు దూరదేశాలకు ఉమ్మడి మాటలనూ ఇచ్చాయి. పేరు చెప్పని మనిషిని స్పానిష్‌లో ‘ఫులానొ’ అంటారు, తెలంగాణలో ‘ఫలానా’ అంటారు. మూలం ఒకే అరబ్బీ మాట. తెలుగు ‘దివాణం’, స్పానిష్‌లో సుంకపు కార్యాలయాన్ని సూచించే ‘అదువాన’ కూడా ఏకమూలకాలే.

ఎన్యె, ఞకారం

అచ్చులు ఐదు: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఇక్కడ ఇబ్బంది హ్రస్వదీర్ఘాల వల్ల వస్తుంది. స్పానిష్‌లో ఆ భేదం లేదు, ఊనిక భేదం ఉంది. ఊనిన అక్షరాన్ని తెలుగు చెవి దీర్ఘంగా వింటుంది. ‘పాప’ అని ముందు ఊనితే బంగాళదుంప లేదా పోప్. ‘పపా’ అని చివర ఊనితే నాన్న. తెలుగులో పాప అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. అచ్చుతోగాని, న, స లతోగాని ముగిసే మాటల్లో ఊనిక చివరినుంచి రెండవ అక్షరం మీద, తక్కినవాటిలో చివరిదాని మీద; ఈ నియమం తప్పిన చోట రాతలో అచ్చు మీద గీత కనిపిస్తుంది. పాఠకుడికి ఇంత స్పష్టమైన సూచన ఇంగ్లీషు ఇవ్వదు.

‘ఎన్యె’ మధ్యయుగపు లేఖకుల పొదుపు వల్ల పుట్టింది. లాటిను ద్విత్వనకారంలో రెండవ నకారాన్ని పైన చిన్న గీతగా రాసేవారు. లాటిను ‘అన్నుస్’ స్పానిష్‌లో ‘ఆఞొ’ (సంవత్సరం) అయిన తరవాత ఆ గీతే తాలవ్యానునాసికానికి గుర్తయింది. 1991లో ఐరోపా సమాజం ఈ అక్షరం లేని కీబోర్డుల అమ్మకంపై స్పెయిన్ పెట్టిన నిషేధాన్ని వాణిజ్యానికి అడ్డంకిగా భావించి తొలగించమంది. స్పెయిన్ 1993లో ప్రభుత్వ ఉత్తర్వుతో దానిని కాపాడుకొంది. తెలుగులో దీనికి సరిసమానమైన అక్షరం చవర్గపు చివర ఊరకే ఉన్న ఞ. ‘న్య’ అని రాస్తే సరిపోదు: ‘ఉరానియొ’ ఒక లోహం, ‘ఉరాఞొ’ నలుగురితో కలవని మనిషి. తెలుగు మాటల్లో ఒంటరిగా నిలబడే చోటు లేని ఞకారానికి స్పానిష్ తరగతిలో నిత్యం పని ఉంటుంది.

త, దల విషయం చిన్నదే కాని దోషం ఎక్కువగా వినిపించేది అక్కడే. ఇంగ్లీషు ‘టి’, ‘డి’లను తెలుగువారు ట, డలుగా వింటారు, ఆ అలవాటుతో స్పానిష్ త, దలనూ మూర్ధన్యాలు చేస్తారు. అవి శుద్ధదంత్యాలు; తెలుగు త, దలే చాలు. క, ప, తలకు మహాప్రాణస్పర్శ లేకపోవడంలోనూ స్పానిష్ తెలుగుకే దగ్గర.

అనంతపురం జిల్లా గ్రామాల్లో ‘విన్సెంట్ ఫెర్రర్’ అని పిలిచే పేరులో ఈ చరిత్ర అంతా ఉంది. ‘విన్’లోని నకారమూ, చివరి టకారమూ ఇంగ్లీషు రూపం నుంచి వచ్చాయి. స్పానిష్‌లో తొలి అక్షరం వకారంగా రాసినా పలుకు బకారం, ఎకారం ముందు ‘సి’ ఊష్మం, తకారం దంత్యం: ‘బిసెంతె’. ఇంటిపేరు కాతలాన్ మాట, కమ్మరి అని అర్థం. కాస్తిలియన్‌లో అదే వృత్తినామం ఫకారం పోగొట్టుకొని ‘ఎఱ్ఱేరొ’ అయింది. ఆ ఇంటిపేరును పాత తెలుగు లిపిలో రాయవలసి వస్తే ‘ఫెఱ్ఱేర్’ అని బండిఱతోనే రాయాలి. కర్ర, గుర్రం అనే నోళ్లు దానిని ఇప్పటికే సరిగానే పలుకుతున్నాయి.